హరిదళం కొన్న రోజు

నా పనేమిటని మా వైపు ఎవరైనా అడిగితే నాకు ఒళ్ళు మండుతుంది. చెప్తే వినరు, చెప్పకపోతే వదలరు. ఒకసారి విసుగొచ్చి "రాళ్ళను టేపుతో పీకుతాను" అన్నాను. మా పిన్ని నోరు తెరిచి, "దానికి హైదరాబాదు దాకా పోవల్నా? మన చేన్లో శానా ఉండాయి రాళ్ళు, వచ్చి పీకు. పుణ్యముంటాది" అంది. ఇంటిల్లిపాదీ నవ్వారు. నేనూ నవ్వాను గానీ లోపల ఉడికిపోయాను, ఎందుకంటే నేను చెప్పింది అక్షరాలా నిజం.

కొన్ని ఖనిజాలు పొరలు పొరలుగా ఉంటాయి. అభ్రకం అందరూ చూసిందే, గోటితో గీరితే రేకులుగా లేస్తుంది. ఒక్కో పొర లోపల అణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి. పొరకూ పొరకూ మధ్య మాత్రం పట్టు వదులు. అందుకే మామూలు టేపు అంటించి లాగితే ఒక రేకు ఊడి వచ్చేస్తుంది. ఆ రేకు మీద మళ్ళీ టేపు, మళ్ళీ లాగడం. అలా లాగుతూ పోతే చివరికి కంటికి ఆననంత పలచన పొర మిగులుతుంది. ఇంత పెద్ద చదువులో అసలు పనిముట్టు పుస్తకాల అంగట్లో దొరికే టేపు చుట్ట అని తెలిసిన రోజు నాకు భలే సంతోషమైంది.

అక్కడి నుంచే నాకు పిచ్చి పట్టుకుంది. ఆ పొరల్ని మెరుగు పెట్టిన పలక మీద అంటించి మైక్రోస్కోపులో చూస్తే, ఒక చోట నీలం, పక్కనే ఊదా, ఆ పక్కన లేత బంగారు రంగు. రాయి ఒకటే. మందం మారితే రంగు మారుతుంది. వాన పడ్డ రోడ్డు మీద పెట్రోలు చుక్క పడితే రంగులు తేలుతాయే, దాదాపు అదే సంగతి. కొన్నాళ్ళకు రంగు చూసి మందం చెప్పేయడం అలవాటైపోయింది. అన్నం తినేటప్పుడు కూడా నా కళ్ళ ముందు అవే మెదిలేవి.

దీంతో ఏం పనంటే, ఇప్పటి చిప్పుల్లో పని చేసేది కరెంటు. ఆ పనిలో కొంతైనా వెలుతురు చేత చేయించాలని చాలామంది తంటాలు పడుతున్నారు. వెలుతురు వేగంగా పోతుంది గానీ చెప్పిన మాట వినదు. దాన్ని మలపాలి, ఆపాలి, అది ఊగే దిక్కును తిప్పాలి. నేను వెతుకుతున్నది ఆ దిక్కు తిప్పే రేకును. కొన్ని స్ఫటికాల్లో వెలుతురు ఒక దిక్కుగా ఊగితే నెమ్మదిగా పోతుంది, అడ్డదిక్కుగా ఊగితే తొందరగా పోతుంది. ఆ తేడా ఎంత ఎక్కువుంటే రేకు అంత పలచగా ఉన్నా సరిపోతుంది. అలాంటి తేడా బాగా ఉన్న ఖనిజం ఒకటుందని చదివి, దాని బొమ్మ చూశాను. పసుపుపచ్చగా, మెరుస్తూ, ఆకులు దొంతర పెట్టినట్టుంది.

"అరె, ఇది మా హరిదళం కదా!" అన్నాను గట్టిగా. ల్యాబులో అందరూ తలలెత్తి చూశారు.

ప్రొద్దుటూరులో ఒక నాటుమందుల అంగడి ఉంది. చిన్నప్పుడు మా అమ్మ వెంట కషాయం సామాన్లకు పోయినప్పుడు అక్కడ గాజు సీసాలో ఆ పసుపు రాయిని చూసేదాన్ని. ముట్టుకోవద్దని అమ్మ చెయ్యి మీద కొట్టేది, విషమని. ఆర్సెనిక్, గంధకం కలిసిన రాయి అది, విషమే మరి. విదేశాల నుంచి తెప్పిస్తే నెలలు పడుతుందని మా గైడు నిట్టూరుస్తుంటే, "మా ఊరి పక్కన దొరుకుతుంది సార్, ఓటేయడానికి పోతున్నాను కదా, తెస్తాను" అన్నాను. ఆయన నన్ను నమ్మలేదు. నాకు పౌరుషం వచ్చింది.

ఎలక్షన్లకు ముందు వారం దిగాను. మా ఇల్లు జమ్మలమడుగు, అమ్మ అక్కడ మిషన్ బడిలో టీచరు. నేను తిన్నగా ప్రొద్దుటూరులో బస్సు దిగి అంగడికి పోయాను. పెద్దాయన కళ్ళద్దాల మీద నుంచి చూసి, "హరిదళమా? ఎలక్షన్లప్పుడు ఇయ్యము పాపా" అన్నాడు.

"ఎలక్షన్లకూ రాయికీ ఏం సంబంధం?"

"ఉండాదిలే. తెలిసిన మనిషిని ఎవురినన్నా పిల్చుకొని రా."

ఆ సంబంధం నాకు తెలియక కాదు. హరిదళానికి ఒక తోబుట్టువు ఉంది, మనఃశిల. అదే ఆర్సెనిక్, అదే గంధకం, పాళ్ళు మాత్రం వేరు, రంగు ఎరుపు. దాన్నీ నాటువైద్యంలో వాడతారు. మా వైపు ఇంకో పనికి కూడా వాడారు. ఆ పని వల్ల గోడలు కూలాయి, మనుషులు పోయారు, చేసేవాళ్ళ చేతులు కూడా పోయాయి. అంతకంటే చెప్పను. అందుకే ఆ అంగట్లో ఎలక్షన్లొస్తే ఎరుపుదీ పసుపుదీ రెండూ లోపలికి పోతాయి, తెలిసిన మొహం కనిపిస్తేనే బయటికొస్తాయి.

అమ్మకు ఫోన్ చేశాను. "మీ మామ అక్కడే ఉన్నాడు, పెట్టె కొనడానికి వచ్చినాడు. రమ్మంటాను" అంది.

మామ అంటే మా అమ్మ తమ్ముడు, ఉండేది పులివెందులలో. వయసులో ఉండగా ఒక నాయకుడి వెనక జీపులో తిరిగాడు. ఆ జీపులో ఏముండేదో మా ఇంట్లో ఎవరూ అడగలేదు. ఆయన అన్నను, అంటే మా పెద్దమామను, కమలాపురం దారిలో బస్సులోంచి దించి నరికేశారు. ఆ తర్వాత మామ మానేశాడు. నాయకుడు మనిషిని పంపినా పోలేదు. కేసులు సాక్షుల్లేక కొట్టేశారు గానీ స్టేషన్లో రౌడీషీటు అలాగే ఉండిపోయింది. పెళ్ళి ఆలస్యంగా చేసుకున్నాడు, ఒక చిన్న కూతురు. ఇప్పుడు కువైట్‌లో డ్రైవరు పని కుదిరింది. పాస్‌పోర్టుకు పోలీసు విచారణ ఒక్కటే మిగిలింది. ఈ ఎలక్షన్లు ఏ గొడవా లేకుండా దాటితే రాసిస్తామని పులివెందుల స్టేషన్లో మాటిచ్చారు. అందుకని మా అత్త మామను ఇంట్లోంచి కదలనివ్వడం లేదు. ఆ రోజు కూడా కువైట్‌కు పెట్టె కొనుక్కొస్తానంటేనే పంపింది.

మామ బండి వెనక కొత్త నీలం పెట్టె కట్టుకుని వచ్చాడు. లోపలికి అడుగు పెట్టగానే పెద్దాయన లేచి నిలబడ్డాడు. అంతసేపు నన్ను వాకిట్లో నిలబెట్టిన మనిషి కుర్చీ తుడిచి వేశాడు, టీ తెప్పించాడు.

"పాపకు ఏదో రాయి కావల్లంట, చదువుకు. ఇయ్యి పెద్దాయనా" అన్నాడు మామ.

"చదువుకే, చదువుకే" అని పెద్దాయన నవ్వి లోపలికి పోయాడు. చాలాసేపటికి గుడ్డ సంచి మూతి కట్టి తెచ్చాడు. నేను ఆగలేక అక్కడే ముడి విప్పి చూశాను. అబ్బ! బొమ్మలో చూసినట్టే ఉంది. అంచున గోరు పెడితే రేకు లేస్తోంది, బంగారం రంగులో. నాకు గంతెయ్యాలనిపించింది.

పెద్దాయన మామ చేతికి సంచి ఇస్తూ, "ఎండకు పెట్టద్దప్పా. చీకట్లో ఉంచు" అన్నాడు.

నాకు చెవులు నిక్కబొడుచుకున్నాయి. వెలుతురుకు ఈ రాళ్ళు మారతాయన్న సంగతి ఈయనకెలా తెలుసు? "ఎండకు పెడితే ఏమవుతుంది పెద్దాయనా? రంగు పోతుందా?" అని అడిగాను. ఆయన నా వైపు చూడనే లేదు, మామను చూసి తల ఊపాడు. ఆడపిల్లతో మాట్లాడడం ఇష్టం లేదేమోనని తిట్టుకుంటూ బయటికొచ్చాను. సంచి బరువుగా ఉందని మామ దాన్ని కొత్త పెట్టెలో వేసి తాళం తిప్పాడు.

జమ్మలమడుగు పొలిమేరలో చెక్‌పోస్టు. ఎలక్షన్లప్పుడు మామూలే. నల్ల కళ్ళద్దాలు పెట్టుకున్న కుర్ర ఎస్సై, మాటను బట్టి కోస్తా మనిషి. పక్కన మా వైపు హెడ్ కానిస్టేబుల్, తల నెరిసినాయన. ఆయన మామను చూడగానే గుర్తుపట్టాడు.

"ఏమప్పా, బాగుండావా? యాడికి పోతాండావు?"

"అక్క ఇంటికే, అన్నా. పాపను దింపొస్తా."

"పెట్టె తెరువు."

మామ తెరిచాడు. సంచి హెడ్ కానిస్టేబులే విప్పాడు. పసుపు గడ్డ బయటపడగానే చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "సార్, దగ్గరికి రావద్దు!" అని అరిచాడు. కానిస్టేబుళ్ళు గబగబా చుట్టూ చేరారు. ఒకడు మామ చొక్కా పట్టుకున్నాడు.

"ఇదేంటండీ?" అన్నాడు ఎస్సై.

"మందు సార్. బాంబులది. ఈయప్ప మీద షీటుండాది, పులివెందుల్లో."

"ఎవరు చెప్పారు మీకు బాంబుల మందని?" అని నేను విరుచుకుపడ్డాను. "చూసిన ప్రతి రాయీ బాంబేనా? రాసుకోండి, ఏం రాసుకుంటారో రాసుకోండి! నా పేరు రాసుకోండి!"

"పాపా, నోరు మూసుకో" అన్నాడు మామ. గొంతు పెంచలేదు. ఆయన మొహం చూస్తే నాకు అత్త గుర్తొచ్చింది. ఇక్కడి నుంచి పులివెందులకు ఒక్క ఫోన్ పోతే చాలు, కాగితం రాదు, కువైట్ లేదు, ఆ పెట్టె అటక ఎక్కుతుంది. ఆ భయంతో నా కోపం చల్లబడింది.

"సార్, ఒక్క నిమిషం ఇవ్వండి. ఇది దేనికో చూపిస్తాను" అన్నాను.

నా బ్యాగులో టేపు ఎప్పుడూ ఉంటుంది, గాజు పలకలూ ఉంటాయి. చేతులకు తొడుగులు వేసుకుని, గడ్డ అంచు మీద టేపు నొక్కి లాగాను. సన్నటి పసుపు రేకు లేచి వచ్చింది. కానిస్టేబుళ్ళు అడుగు వెనక్కి వేసినవాళ్ళు మళ్ళీ ముందుకొచ్చారు. ఆ టేపును మడిచి విప్పి, మడిచి విప్పి, రేకును ఇంకా పలచన చేశాను. టేపుకు సొంత రంగులాట ఉంటుంది, దాన్ని చూపిస్తే మోసమవుతుంది. అందుకని గాజు మీద నొక్కి టేపు తీసేశాను. గాజు మీద ఉందా లేదా అన్నట్టు పసుపు మరక మిగిలింది.

"ఇంకొకటి కావాలి సార్. మీ కళ్ళద్దాలు."

"నా కళ్ళద్దాలా?"

"వాటితో రోడ్డు మీద తళతళ తగ్గి కనిపిస్తుందా?"

"ఆ, పోలరాయిడ్ అవి. మా బావ తెచ్చాడు."

ఒక్క దిక్కుగా ఊగే వెలుతురునే పోనిచ్చే అలాంటి పోలరాయిడ్ రేకు నా దగ్గరా ఒకటి ఉంది, పుస్తకంలో గుర్తుకు పెట్టుకుంటాను. దాన్ని ఆకాశం వైపు పట్టుకుని, మీద ఆయన కళ్ళద్దం అడ్డంగా తిప్పి పెట్టాను. చీకటైపోయింది. "చూడండి, వెలుతురు ఆగిపోయింది. ఇప్పుడు మధ్యలో ఇది పెడతాను" అని గాజుపలక దూర్చాను. ఆ చీకటిలో మరక వెలిగింది. ఒక మూల ఎర్రగా, ఒక మూల ఆకుపచ్చగా, మధ్యలో బంగారం. పలకను కొంచెం తిప్పాను, ఆరిపోయింది. ఇంకొంచెం తిప్పాను, మళ్ళీ వెలిగింది.

"అబ్బో!" అన్నాడు చొక్కా పట్టుకున్న కానిస్టేబుల్. అది వదిలేసి నా పక్కకొచ్చాడు.

ఎస్సై తనే తీసుకుని తిప్పాడు. వెలగడం, ఆరడం. "ఎందుకిలా అవుతోంది?" అని అడిగాడు. నిజంగానే అడిగాడు, తెలుసుకోవాలని. నాకు ప్రాణం లేచొచ్చింది. వెలుతురు ఊగే దిక్కు గురించి, రెండు వేగాల గురించి, రేపు చిప్పుల్లో ఇలాంటి పొరే వెలుతురుకు గేటులా పని చేయవచ్చని చెప్పాను. ఎన్నో సెమినార్లలో చెప్పాను గానీ అంత శ్రద్ధగా ఎవరూ వినలేదు. ఒక లారీ డ్రైవరు కూడా దిగొచ్చి వరసలో నిలబడ్డాడు. మామ నా వైపు చూసి మెల్లగా నవ్వాడు.

అప్పుడే హెడ్ కానిస్టేబుల్, సంచి మళ్ళీ కట్టబోతూ, అడుగున చెయ్యి పెట్టాడు. కాగితం పొట్లం ఒకటి తీశాడు. విప్పాడు. ఎర్రరాయి.

ఎండకు పెట్టద్దని పెద్దాయన ఎందుకన్నాడో, ఎవరితో అన్నాడో నాకప్పుడు తెలిసింది. మేము ఒకటి అడిగితే ఆయన ఇంకోటి అర్థం చేసుకున్నాడు. పసుపుది పైకి చెప్పే పేరని, అసలు కావలసింది ఇదని.

"అదీ నాదే సార్" అన్నాను. గబగబా మాట్లాడాను. "రెండూ ఒకే చోట పుడతాయి. ఇది వెలుతురు తగిలితే పొడిపొడిగా రాలి పసుపైపోతుంది. అది కూడా చూడాలని..."

నేను చెప్పిన ప్రతి మాటా నిజమే, మొదటి మాట తప్ప. ఎస్సై తల ఊపబోయాడు.

"కాదు సార్" అన్నాడు మామ.

"మామా, నువ్వాగు."

"పాపకు దీంతో పని లేదు సార్. పాప అడిగింది పచ్చది ఒక్కటే. ఎర్రది అంగట్లో నన్ను చూసి ఇచ్చినాడు. పాప మీద రాయద్దు. చదువుకునే పిల్ల."

"మీరు అడగకుండానే ఇచ్చాడా?"

"అడగల్యా సార్. నన్ను చూస్తే అదే ఇస్తారు."

నాకు ఏడుపొచ్చింది. ఎంత పిచ్చి మనిషి, తల ఊపి ఊరుకుంటే అయిపోయేది! కువైట్‌ను చేజేతులా తీసుకెళ్ళి వాళ్ళ ముందు పెట్టాడు. ఎస్సై హెడ్ కానిస్టేబుల్ వైపు చూశాడు. ఆయన చేతిలోని పొట్లం మీంచి చూపు తిప్పి మామ మొహం చూశాడు.

"నిజమే చెప్తాండాడు సార్" అన్నాడు. "నేనైనా అంతే. ఈయప్ప కనపడితే ముందు చేతుల్లో ఏముండాదని చూస్తా. మొగం తర్వాత."

"ఏ అంగడి?" అన్నాడు ఎస్సై.

"ముసలాయన సార్. నేనే పోయి చెప్తా. ఇంగెవురికీ ఇయ్యడు" అన్నాడు మామ.

"ఇప్పుడే వెళ్ళి చెప్పండి. మీరు చెప్పకపోతే నేను వెళ్ళాల్సొస్తుంది." ఎర్ర పొట్లం జీపులో పెట్టించాడు. పసుపు గడ్డ నాకిచ్చాడు.

"పులివెందులకు ఫోన్ చేస్తారా సార్?" అని అడిగేశాను.

"ఏమని చెయ్యమంటారు?" అన్నాడు. కళ్ళద్దాలు పెట్టుకుని, మళ్ళీ తీసి, "ఆ గాజుముక్క ఇంకోసారి ఇవ్వండి" అన్నాడు.

కువైట్ సంగతి ఇప్పుడే చెప్పేస్తాను, లేకపోతే మీరు దాని గురించే ఆలోచిస్తూ ఉంటారు. కాగితం వచ్చింది, మామ వెళ్ళాడు. ఆ గడ్డలోంచి తీసిన రేకులతో నా పనీ సాగింది. కానీ ఆ రోజు తలుచుకుంటే నాకు చెక్‌పోస్టు కన్నా ముందు అంగడే గుర్తొస్తుంది.

మామ బండి వెనక్కి తిప్పాడు. ప్రొద్దుటూరు దాకా నేను నోరు తెరవలేదు, అది నాకు చాలా కష్టమైన పని. అంగట్లోకి అడుగు పెట్టగానే పెద్దాయన మళ్ళీ లేచి నిలబడ్డాడు. కుర్చీ లాగబోయాడు.

మామ కూర్చోలేదు. "పెద్దాయనా, నేను ఎర్రది అడిగినానా?"

"నువ్వు అడగల్నా అప్పా? నీ మొగం చూస్తే తెల్దా?"

"ఏముండాది నా మొగంలో?"

పెద్దాయన నవ్వబోయి ఆగిపోయాడు. మామ కళ్ళు ఎర్రబడ్డాయి. పెద్దమామ శవం దగ్గర కూడా ఏడవని మనిషని అమ్మ చెప్పేది. "నేను అది ఇడ్సిపెట్టి ఎన్నేండ్లాయె! నా పెండ్లాం నమ్మింది, మా అక్క నమ్మింది. ఈ పొద్దు పోలీసోడు కూడా నమ్మినాడు. నీకెట్ల కనపడ్తాండాది అది?"

"తప్పయిందప్పా" అన్నాడు పెద్దాయన. ఆ మాట అంటూ కూడా ఆయన నిలబడే ఉన్నాడు, చేతులు ముందు కట్టుకుని, పెద్దమనుషుల ముందు నిలబడినట్టు. మామకు అది ఇంకా బాధగా ఉంది. నాకు కనిపిస్తూనే ఉంది. ఎరుపుది ఇంకెవరికీ ఇవ్వద్దని చెప్పాడు. పెద్దాయన సరేనన్నాడు. అయినా మామ కదల్లేదు. సీసాల వైపు, వేర్ల కట్టల వైపు, పైనుంచి కింద దాకా చూస్తూ నిలబడ్డాడు. తర్వాత గొంతు సవరించుకుని, అందరూ నిలబడే చోట, బల్లకు ఇవతల నిలబడ్డాడు.

"నా కూతురికి దగ్గు. రాత్రిళ్ళు నిద్రపోల్యాకుండా ఉండాది. ఏమన్నా ఉంటే ఇయ్యి" అన్నాడు.

పెద్దాయన కుర్చీ తన వైపు లాక్కుని కూర్చున్నాడు. కళ్ళద్దాలు సర్దుకుని, తక్కెడ ముందుకు జరుపుకున్నాడు.

"పొడి దగ్గా, గళ్ళ పడతాందా?" అని అడిగాడు.